గేటు దగ్గర ఆగిన ముఖాలు

"నీ పేజీ పక్కన పెట్టు రేవతీ! మొన్నటి సంది గా కంప్యూటర్ ముంగట్నే కూసున్నవ్. అండ్లకెల్లి మా అవ్వ దిగివస్తదా?"

నర్మద వంటింటి గడపలో నిలబడి అరుస్తోంది. చేతిలో గరిటె ఉంది గానీ పొయ్యి మీద ఏమీ లేదు. పొద్దున పెట్టిన చాయ్ గిన్నె అలాగే చల్లారిపోయి ఉంది.

రేవతి తలెత్తలేదు. ఎత్తితే ఆడబిడ్డ కళ్లలోకి చూడాలి. ఆ కళ్లలో ఉన్న మాట ఇంతవరకు నోటిదాకా రాలేదు. రేవతి దాని కోసమే భయపడుతోంది.

వచ్చింది.

"చెయ్యి నీ చేతులనే ఉండె కదా. ఎట్ల ఇడిసినవ్?"

మంచం మీద కూర్చున్న మామ బుచ్చిరాములు కండువా తీసి మళ్లీ భుజాన వేసుకున్నాడు. రేవతి వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి.

వసంత పంచమికి అందరూ సుల్తానాబాద్ నుంచి బాసర వెళ్లారు. నర్మద మొగుడు దుబాయిలో ఉంటాడు. ఆమె కూతురికి అమ్మవారి దగ్గర అక్షరాభ్యాసం చేయించాలని రేవతి అత్త, నర్మద తల్లి బాలవ్వే పట్టుబట్టింది. గోదావరి ఘాటు దగ్గర జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు. అప్పటిదాకా బాలవ్వ చెయ్యి రేవతి చేతిలో ఉంది. జనం సర్దుకునేసరికి చెయ్యి లేదు, మనిషి లేదు. ఆ క్షణం నుంచి రేవతి తన అరచేతిని తానే నమ్మడం మానేసింది.

"అక్కా, ఊకో జర," అన్నాడు రేవతి మొగుడు నిరంజన్. గోడకు ఆనుకుని, ఒళ్లో ఇంకో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. గడ్డం మాసిపోయింది. "ఘాట్లన్ని తిరిగినం. సత్రాలన్ని తిరిగినం. పోలీసోళ్లు వాళ్ల పని వాళ్లు చేస్తుండ్రు. ఇగ మనకు మిగిలింది గీ పేజీ ఒక్కటే."

"గదే పనిచేస్తలేదంటిరి కదా!"



ఆ పేజీ పేరు 'జాడ'. కరీంనగర్‌లో ఒకే ఆఫీసులో పనిచేసే నిరంజన్, రేవతి కలిసి జాతరల కోసం చేశారు. తప్పిపోయినవాళ్ల ఫోటో ఇంటివాళ్లు పంపుతారు. ఎవరైనా కనబడితే ఆ ఫోటో కనిపెట్టినవాళ్లు పంపుతారు. రెండు ముఖాలూ ఒకటేనని తేలితే ఇటు నంబరు అటు, అటు నంబరు ఇటు పోతుంది. జనం ఫోన్లో చూసి నొక్కే ముందువైపంతా రేవతి రాసింది. పంపినవన్నీ అందుకుని దాచే సర్వర్ వైపు నిరంజన్ రాశాడు. ఈసారి బాసర ఘాట్ల పొడవునా బోర్డులు కట్టించారు. బాలవ్వ ఆ బోర్డులన్నిటినీ చదువురాని కళ్లతో చూసి, "గిది నా కోడలు చేసింది," అని దారిన పోయేవాళ్లకు చెప్పుకుంది.

ఆ రోజే పేజీ మొండికేసింది. 'పంపు' అన్న గుర్తు నొక్కితే చిన్న చక్రం గిర్రున తిరుగుతుంది. తిరుగుతూనే ఉంటుంది. వెళ్లిందని చెప్పదు, వెళ్లలేదనీ చెప్పదు. బాలవ్వ ఫోటోను నిరంజన్ తన చేత్తోనే నేరుగా సర్వర్‌లో పెట్టుకోగలిగాడు. కానీ ఎక్కడో ఎవరికో ఆమె కనబడి, వాళ్లు పంపితే? అది రావలసిన దారే మూసుకుపోయింది.

"తప్పు నీ దిక్కే ఉన్నది," అంది రేవతి, గొంతు తగ్గించి. "బ్రౌజర్ సాఫ్‌గ చెప్తుంది. నీ సర్వర్ జవాబుల అనుమతి గుర్తు లేదట. అందుకే ఆ జవాబును నా పేజీకి ఇయ్యదట."

"అనుమతి నేనిచ్చిన. వచ్చి చూడు, గీ లైన్ల నీ పేజీ అడ్రస్ ఉన్నది."

"మరి ఎర్రగ ఎందుకొస్తుంది?"

"నా దగ్గరికెల్లి పంపితే పోతున్నది. నిన్న నీ ముంగటనే పంపిన కదా? ఒక్కటి ఆగలే."

"నువ్వు బ్రౌజర్లకెల్లి పంపలే. జనం బ్రౌజర్లకెల్లే పంపుతరు."

"గట్లయితే తప్పు బ్రౌజర్ దిక్కు. అంటే నీ దిక్కు."

"మీ ఇద్దరి దిక్కులు కాలిపోను!" నర్మద గరిటె గోడకేసి విసిరింది. "దిక్కులు పంచుకుంటున్నరు కూసోని!"

గరిటె దొర్లుకుంటూ వచ్చి బుచ్చిరాములు కాళ్ల దగ్గర ఆగింది. ఆయన వంగి తీసి పక్కన పెట్టాడు. బొగ్గుబాయిలో బతుకంతా పనిచేసి రిటైరైన మనిషి. భార్య తప్పిపోయినప్పటి నుంచి ఆయన నోటి వెంట పట్టుమని నాలుగు మాటలు రాలేదు.

"బిడ్డా," అన్నాడు రేవతితో. "అసలు అండ్ల ఏం కనవడుతుంది నీకు? నాకూ చూపెట్టు."

రేవతి ల్యాప్‌టాప్‌ను ఆయన వైపు తిప్పింది. పేజీ కింద ఇంకో కిటికీ తెరిచి ఉంది. సాధారణంగా ఎవరూ తెరవని కిటికీ. తెర మీద పేజీ కదలకుండా ఉన్నా, దాని వెనక బ్రౌజర్ పంపుతున్నవీ, తిరిగి వస్తున్నవీ అన్నీ అక్కడ ఒకదాని కింద ఒకటి వరుసలుగా పడుతుంటాయి.

"ఇది చూడు మామా. నేను 'పంపు' అని నొక్కిన. పైకి చక్రం తిరుగుతున్నది, గంతే. కానీ లోపల రెండు వరుసలు పడ్డయ్. మొదలు బ్రౌజర్ ఉత్తచేతులతోని పోయి సర్వర్‌ను అడుగుతది, 'ఫలానా పేజీ నుంచి ఒకటి తెస్త, తీసుకుంటవా?' అని. సర్వర్ సరే అంటేనే ఫోటో పట్టుకొని మల్ల పోతది. గీ రెండోది ఎర్రగున్నది చూడు, అది ఫోటో. పోలే."

"మొదటిది?"

"మొదటిది..."

రేవతి ఆగిపోయింది.

మొదటి వరుస ఎర్రగా లేదు.

నిన్నటి నుంచి ఆమె కళ్లు ఎర్ర గీతల మీదే ఉన్నాయి. ఏ జబ్బు లేని వరుసల్ని ఎవరు చూస్తారు? ఇప్పుడు దాని మీద నొక్కింది. జవాబు తెరుచుకుంది. అందులో తన పేజీ అడ్రస్ ఉంది. అనుమతి ఉంది. నిరంజన్ చెప్పింది చెప్పినట్టే ఉంది.

"ఇట్రా," అంది మొగుణ్ని. ఆమె గొంతులో ఏదో మారింది. నిరంజన్ తన ల్యాప్‌టాప్ నేల మీద పెట్టి వచ్చాడు.

"నీ సర్వర్ మొదలు సరే అన్నది. గిదిగో. సరే అన్నదే మల్ల ఫోటో పట్టుకపోతే ఎందుకు లేదంటది?"

"అనదు."

"అంటే రెండోసారి లేదన్నది నీ సర్వర్ కాదు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గరిటె విసిరిన నర్మద కూడా గడప దాటి లోపలికొచ్చింది.

రేవతి గబగబా పాత వరుసలన్నీ పైకి జరిపింది. తను పరీక్షకు ఫోటో లేకుండా పేరు, ఊరు మాత్రమే రాసి పంపినవి ఉన్నాయి. అన్నీ వెళ్లాయి. ఒకసారి పాత చిన్న ఫోటో పంపింది, అదీ వెళ్లింది. ఆగినవన్నీ కొత్త ఫోన్లతో తీసిన పెద్ద ఫోటోలు. ఆమె బాలవ్వ ఫోటోను తీసుకుని సైజు బాగా కుదించి, మళ్లీ 'పంపు' నొక్కింది.

చక్రం ఒక్క చుట్టు తిరిగి ఆగింది. 'చేరింది' అన్న మాట పడింది.

నర్మద నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బరువు," అంది రేవతి. "బరువున్నదాన్ని ఎవలో నడుమ ఆపుతుండ్రు. నిన్న నువ్వు నీ దగ్గరికెల్లి పంపిన ఫోటో ఎంతది?"

నిరంజన్ నుదురు అరచేత్తో కొట్టుకున్నాడు. "చిన్నది. పరీక్షకు ఎప్పుడూ పంపే చిన్న ఫోటోనే. రేవతీ... గేటు!"

జాతర తాకిడికి సర్వర్ కుప్పకూలకుండా పోయిన వారమే దాని ముందు ఒక కాపలా ప్రోగ్రాం నిలబెట్టాడు. ఆఫీసులో దాన్ని అందరూ గేటు అంటారు. ఎంత బరువు దాకా లోపలికి వదలాలో దానికి విడిగా చెప్పాలి. చెప్పకపోతే అది పుట్టినప్పటి కొలతనే పట్టుకుంటుంది. ఆ కొలత నేటి ఫోన్ ఫోటోకు సరిపోదు. పెద్ద ఫోటో వస్తే గేటు దగ్గరే ఆపి, 'బరువెక్కువ' అని తిప్పి పంపుతోంది. ఆ తిప్పి పంపే జవాబు మీద అనుమతి గుర్తు వేయడం గేటుకు తెలియదు. గుర్తు లేని జవాబును బ్రౌజర్ పేజీకి చూపించదు. 'గుర్తు లేదు' అని మాత్రం చెప్పి ఊరుకుంటుంది. అసలు మాట ఆ జవాబు లోపలే మూతపడి ఉండిపోయింది.

"అంటే బ్రౌజర్ చెప్పింది అబద్ధం కాదు," అన్నాడు నిరంజన్ మెల్లగా. "నేను చెప్పింది కూడా అబద్ధం కాదు."

"నేను చెప్పింది కూడా," అంది రేవతి.

ఆ క్షణంలో వాళ్ల మధ్య ఉన్న కోపం ఎటు పోయిందో వాళ్లకే తెలియలేదు. నిరంజన్ అక్కడే మోకాళ్ల మీద కూర్చుని గేటుకు కొత్త కొలత రాశాడు. రాసి, దాన్ని ఆపి, మళ్లీ నడిపించాడు.

"ఇగ చూడు."

ఏమీ జరగలేదు.

బయట ట్రాక్టర్ ఏదో వడ్ల బస్తాలతో పోయింది. ఇంటి గోడలు సన్నగా అదిరాయి.

తెర మీద ఒక వరుస పడింది. ఎర్రగా లేదు.

పేజీలో ఒక ముఖం విచ్చుకుంది. మఫ్లర్ చుట్టుకున్న ముసలాయన, బస్టాండు బల్ల మీద కూర్చుని ఫోటో తీసేవాళ్లను అనుమానంగా చూస్తున్నాడు. దాని కింద మరొకటి. కాషాయం బట్టల్లో ఒక అవ్వ. తర్వాత ఇంకొకటి. ఇంకొకటి.

"ఇవన్ని ఎక్కడియి?" నర్మద గొంతు గుసగుసగా మారింది.

"పోనియి ఫోన్లనే దాచిపెట్టి, మల్ల మల్ల పంపుతుండుమని పేజీకి చెప్పిన వదినె," అంది రేవతి. తను రాసిన మాటలే తనకు కొత్తగా వినిపించాయి. "పంచమి నాడు నొక్కినోళ్లవి, నిన్న నొక్కినోళ్లవి, అన్ని గేటు బయట నిలవడ్డయ్. ఇప్పుడు లోపలికి వస్తున్నయ్."

వాన మొదట్లో చినుకులు పడినట్టు ఒక్కొక్కటిగా మొదలై, కాసేపటికి రేవతి కళ్లు అందుకోలేనంత వేగంగా ముఖాలు దిగాయి. పెళ్లి ఫోటోలోంచి కత్తిరించిన ముఖం. ఓటరు కార్డు మీది ముఖం. పొలం గట్టు మీద నవ్వుతున్న ముఖం, ఎవరో వెతుకుతున్నారు దాని కోసం. అదే ముఖం మరో ఫోటోలో, నవ్వు లేకుండా, ఎవరో తెలియని వాళ్ల వాకిట్లో. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, 'మా బాపు', 'మా చెల్లె', 'మాటలు రావు, పేరు చెప్పలేదు', 'దయచేసి'.

తన చేతుల మీదుగా ఇంతమంది నడిచి పోతున్నారని రేవతికి ఇంతవరకు తెలియదు. పేజీ రాసేటప్పుడు ఒక చక్రం, ఒక గుర్తు, నాలుగు గళ్లు మాత్రమే చూసింది. తెర ముందు అంత దగ్గరగా కూర్చోవడం మర్యాద కాదేమో అనిపించి కొంచెం వెనక్కి జరిగింది.

బుచ్చిరాములు లేచి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో ఎవరూ చూడలేదు. కండువా చేతిలోకి తీసుకున్నాడు.

"బాయిల పైకప్పు కూలిన దినాన మేమందరం మూతి కాడ గిట్లనే నిలవడ్డం," అన్నాడు. "లోపల ఎవలున్నరో, ఎవలు లేరో తెల్వదు. ఇగ ఒక్కొక్కడు పైకి వస్తుంటే... అన్ని మొఖాలు నల్లగనే ఉన్నయ్. ఎవడు ఎవడో ఆనవాలు దొరకది. అయినా ప్రతి మొఖానికి పాణం లేచొచ్చేది. మనోడే కావాలెనని అప్పుడెవ్వలికి యాదికి లేదు."

అన్నేళ్లలో ఆయన ఆ రోజు గురించి ఇంట్లో మాట్లాడటం అదే మొదటిసారి. నిరంజన్ తండ్రి ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"ఆగు! గీ పిల్ల!" నర్మద తెర మీద వేలు పెట్టింది. ముధోల్ దగ్గర ఒక హోటల్లో కూర్చోబెట్టిన మూగపిల్ల. "గీమెను పైన చూసిన. మంచిర్యాల... వాళ్ల బాపు పంపిండు. నెత్తికి గదే ఎర్ర రిబ్బన్."

వెతికారు. ఉంది. నర్మదే ఫోన్ చేసింది. "అన్నా, మీ బిడ్డ ఉన్నదన్నా, మంచిగున్నది," అని చెప్పి, అవతలి మనిషి ఏడుపు వింటూ, తానూ ఏడుస్తూ, చాలాసేపు ఫోన్ పట్టుకుని నిలబడిపోయింది. పెట్టేశాక రేవతి పక్కన నేల మీద కూర్చుంది. తెర మీద తర్వాతి ముఖం కోసం కళ్లు చికిలించింది.

బాలవ్వ అట్లా వచ్చింది.

ఎవరిదో వాకిలి. రోటి పక్కన పీట మీద బాలవ్వ. ఆమె పక్కనే ఆమె వయసుదే ఇంకో ఆడమనిషి. ఆమె పిడికిట్లో బాలవ్వ కొంగు. ఫోటో కింద నాలుగు ముక్కలు: 'ఈ ఆయి పేరు బాలవ్వ. ఊరు సుల్తానాబాద్. నా కోడలు చూస్తది అంటుంది. అనసూర్య, ధర్మాబాద్, మహారాష్ట్ర.' పంపింది పంచమి సాయంత్రమే.

నిరంజన్ "అవ్వా" అని తెరను ముట్టుకున్నాడు. రేవతి ఆ నంబరు నొక్కి స్పీకర్ పెట్టింది.

"సుల్తానాబాదోళ్లా?" అనసూర్య గొంతు గట్టిగా పలికింది. "గింత లేటు చేసిండ్రేందమ్మా! ఆ దినమే పంపిన కదా. పోలీసులకు చెప్తానంటే ఆయి వద్దన్నది. నా కోడలు చేసిన పేజీ, చేరకుండ ఉండది అన్నది. గీ ఫోన్ల చక్రం ఒకటే తిరుగుడు. నేను పోయిందనుకున్న. ఉండు, ఇస్తున్న. ఆయీ, తుమ్చీ సూన్! నీ కోడలు!"

"రేవతీ?"

స్పీకర్ మీద ఆ ఒక్క పిలుపుకే బుచ్చిరాములు రేవతి పక్కకు వచ్చాడు. నర్మద ముందుకు వంగింది. "అవ్వా! పాణం మంచిగున్నదా? ఎట్ల పోయినవే? రేవతి చెయ్యి ఇడిసె..."

"రేవతి ఎక్కడ ఇడిసింది? అది గట్టిగనే పట్టుకున్నది. నేనే ఇడిపించుకున్న."

నెమ్మదిగా నర్మద చెయ్యి వచ్చి రేవతి మోకాలి మీద పడింది.

"మీ మామ ఏం చేస్తుండు?" బాలవ్వ అడిగింది.

"ఉన్న," అన్నాడు బుచ్చిరాములు.

"సరే. మొదలు స్పీకర్ బందు చెయ్యి రేవతీ. నీతోని పనున్నది."

రేవతి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. మరో చేత్తో ల్యాప్‌టాప్ ఎత్తుకుని వాకిట్లోకి వచ్చింది.

"నా పక్కపొంటి ఉన్నామెను చూసినవా? గామె మొఖం కోసం ఎవలన్న పంపిండ్రా, చూడు. అన్ని చూడు. నిమ్మలంగ చూడు."

రేవతి అరుగు మీద కూర్చుని చూసింది. మొదటి ముఖం నుంచి చివరి ముఖం దాకా. వెతుకుతున్నవాళ్లు పంపిన ప్రతి ఫోటో ఆ ముఖం పక్కన పెట్టి చూసింది. ఎండ తెర మీద పడుతుంటే కొంగు అడ్డం పట్టుకుంది. ఇంకా కొత్త ముఖాలు దిగుతూనే ఉన్నాయి. వాటినీ చూసింది.

"లేదత్తమ్మా. ఎవ్వలు పంపలే."

ఫోన్లో బాలవ్వ పక్కన ఎవరో సన్నగా దగ్గారు.

"నాకెరికే బిడ్డా. ఆమె తప్పిపోలే. ఎవలో ఆమెను ఘాటు మెట్ల మీద కూసోపెట్టి, ఎనుకకు తిరిగి చూడకుండ పోయిండ్రు. నా కండ్లారా చూసిన. అందుకే నీ చెయ్యి ఇడిపించుకొని ఆమె కాడికి పోయిన. పేరు చెప్పది. కొంగు పట్టుకున్నది, ఇడుస్తలేదు. రైలెక్కితే నేనూ ఎక్కిన. దిగినకాడ గీ అనసూర్య ఇంట్ల జాగిచ్చింది. ఏం చెయ్యాలె మరి? మనసు మార్చుకొని ఎవలన్న వెతుకుతరేమో అని ఒక్కపారి నిన్ను చూడుమన్న." బాలవ్వ ఊపిరి తీసుకుంది. "ఇంట్ల నా మంచం పక్కకు ఇంకొక మంచం ఎయ్యి. మీ మామకు, నర్మదకు నువ్వే చెప్పాలె."

ఫోన్ ఆగిపోయింది.

రేవతి వెనక్కి తిరిగింది. ముగ్గురూ గడపలో ఒకరి భుజం ఒకరు తోసుకుంటూ నిలబడి ఉన్నారు. మొన్నటి తర్వాత మొదటిసారి వాళ్ల ముఖాల్లో నెత్తురు కనిపిస్తోంది.

"ఎప్పుడొస్తదట?" నర్మద ఆగలేకపోయింది. "ఎప్పుడొస్తదట అవ్వ?"

"రేపు మనం పోతే వస్తది," అంది రేవతి. "ఒక్కతే రాదు."